‘బొరీస్ గొదునోవ్’ ఐదు డిస్కుల పెట్టె: పూష్కిన్ పుస్తకం పక్కన పెట్టుకుని వినాల్సిన రికార్డింగు

రష్యన్ సంగీతకర్త ముసోర్గ్‌స్కీ ‘బొరీస్ గొదునోవ్’ రికార్డింగు కొనబోయే ముందు ఒక సంగతి తెలియాలి. ఆ పేరుతో రెండు ఒపెరాలు (మాటలన్నీ పాటగా సాగే నాటకాలు) ఉన్నాయి. 1869లో పూర్తిచేసింది ఒకటి. దాన్ని నాటకశాలవాళ్లు వెనక్కి పంపితే 1872 నాటికి తిరగరాసింది ఇంకొకటి. ఆయన పోయాక తోటి సంగీతకర్త రీమ్‌స్కీ-కోర్సకొవ్ సరిదిద్దిన రూపాలు, 1939–40లో షొస్తకోవిచ్ కొత్తగా చేసిన వాద్యకూర్పు (ఏ స్వరం ఏ వాద్యం పలకాలో తీర్చడం) వీటికి అదనం. ఇన్ని రూపాలున్నా చాలా పెట్టెల అట్ట మీద లోపలున్నది ఏదో సూటిగా రాయరు. ఒకదాన్ని గురించి చదివి ఇంకోదాన్ని కొనుక్కుని, చదివిన సన్నివేశం ఎక్కడా వినిపించక తికమకపడేవాళ్లు అందుకే ఎక్కువ.

వలేరీ గెర్గియెవ్ సంగీత నిర్వహణలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మరీన్‌స్కీ థియేటర్ బృందం 1997లో రికార్డు చేసిన ఐదు డిస్కుల పెట్టెతో ఆ తికమక తీరుతుంది. ఫిలిప్స్ లేబుల్ మీద వచ్చిన ఈ పెట్టె అట్ట మీద థియేటర్ పాత పేరు ‘కీరొవ్ ఒపెరా’ అనే ఉంటుంది. మొదటి రెండు డిస్కుల్లో 1869 రూపం, తర్వాతి మూడింటిలో 1872 రూపం. కలిపి కుట్టడం, అటుది ఇటు చేర్చడం లేకుండా రెండూ విడివిడిగా, ముసోర్గ్‌స్కీ సొంత వాద్యకూర్పుతో ఉన్నాయి. ఒకే బృందం, ఒకే నిర్వాహకుడు, ఒకే హాలు కాబట్టి రెంటి మధ్య వినిపించే తేడా రచయిత చేసిన తేడాయే. రష్యన్ సాహిత్యం ద్వారా రష్యన్ సంగీతంలోకి వెళ్లాలనుకునేవాళ్లకు దీనికంటే మంచి దారి నాకు తెలిసి లేదు.

విశాలాంధ్ర పుస్తకశాలల్లో ప్రగతి, రాదుగ ప్రచురణల తెలుగు పుస్తకాలు కొనుక్కుని చదివిన తరాలకు గోగొల్, పూష్కిన్, చేహొవ్ పరాయివాళ్లు కారు. ఆ సాహిత్యంతో ఒకే ఇంట్లో పెరిగిన సంగీతం మాత్రం మన దాకా అంతగా రాలేదు. చైకోవ్‌స్కీ బాలేల దగ్గరే చాలామంది ఆగిపోయారు. ముసోర్గ్‌స్కీ దగ్గర సంగీతానికీ సాహిత్యానికీ మధ్య గోడే ఉండదు. ఆయన పనంతా వాక్యంతోనే.

ఈ ఒపెరాకు మూలం పూష్కిన్ రాసిన అదే పేరు నాటకం. ఆయన దాన్ని 1825లో, మిఖాయ్లొవ్‌స్కొయె ఊళ్లో ప్రవాసంలో ఉండగా రాశాడు. కరమ్‌జీన్ రాసిన రష్యా రాజ్య చరిత్ర ఆధారం. నాటకాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. 1591లో ఊగ్లిచ్‌లో చిన్న యువరాజు ద్మీత్రీ చనిపోయాడు. 1598లో బొరీస్ గద్దెనెక్కాడు. ‘నేనే ఆ ద్మీత్రీని, బతికే ఉన్నాను’ అంటూ పారిపోయిన సన్యాసి ఒకడు పోలండ్ అండతో దండెత్తి వస్తున్న రోజుల్లో, 1605లో, బొరీస్ చనిపోయాడు. పిల్లవాణ్ణి బొరీసే చంపించాడా అన్నది చరిత్రలో తేలలేదు. పూష్కిన్ చంపించాడనే తీసుకున్నాడు, ఎందుకంటే ఆయన కథ అపరాధభారం గురించి. నాటకం జార్ నికొలాయ్ చేతికి వెళ్తే, దీన్ని వాల్టర్ స్కాట్ తరహాలో చారిత్రక నవలగా మారిస్తే బాగుంటుందని సలహా వచ్చింది. పూష్కిన్ ఒప్పుకోలేదు. 1831లో గానీ అచ్చు కాలేదు, 1870లో గానీ రంగస్థలం ఎక్కలేదు. అంటే ముసోర్గ్‌స్కీ తన మొదటి రూపం రాస్తున్నప్పుడు ఆ నాటకాన్ని వేదిక మీద చూసినవాళ్లే లేరు. ఆయన ముందున్నది పుస్తకం ఒక్కటే. సంగీతకర్త గ్లింకా చెల్లెలు ల్యుద్మీలా షెస్తకోవా ఆ పుస్తకం పేజీల మధ్య తెల్లకాగితాలు చేర్చి కుట్టించి ఇచ్చింది. 1868 శరదృతువులో ఆయన ఆ కాగితాల మీదే ఒపెరా పాఠం రాయడం మొదలుపెట్టాడు. పూష్కిన్ పుట పక్కనే ముసోర్గ్‌స్కీ పుట. 1869 రూపం వింటుంటే ఆ రెండు పుటలూ కళ్లముందు కనిపిస్తాయి.

దీనికి ముందు జరిగిన ఒక ప్రయోగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే డిస్క్ పెట్టగానే కొత్తవాళ్లను ఆపేసేది అదే. సంగీతకర్త దర్గొమీష్‌స్కీ పూష్కిన్ ‘రాతి అతిథి’ నాటకాన్ని పాఠం ఉన్నదున్నట్టు ఒపెరాగా మలిచాడు. అదే బాటలో ముసోర్గ్‌స్కీ 1868లో గోగొల్ ‘పెళ్లి’ హాస్యనాటకం తీసుకుని, ఆ వచనాన్ని మనుషులు మాట్లాడే ఒడుపుతోనే స్వరపరచబోయి ఒక అంకం దగ్గర ఆపేశాడు. ‘బొరీస్’కు అక్కడే చెయ్యి తిరిగింది. మన పద్యనాటకంలో పద్యం చివర రాగం సాగదీస్తారు, దానికే చప్పట్లు పడతాయి. ఇక్కడ అలాంటి సాగదీత కోసం ఎదురుచూస్తే నిరాశే. పద్యం మాట వేగంలోనే నడుస్తుంది. అక్షరం ఎక్కడ నొక్కాలో స్వరం అక్కడ లేస్తుంది, వాక్యం తెగిన చోట పాట తెగుతుంది. మొదటిసారి వినేవాళ్లకు ‘పాటలేవీ?’ అనిపించడం సహజం. పాఠం చేతిలో పట్టుకుని వింటే రెండో సన్నివేశానికే ఆ ప్రశ్న పోతుంది.

అందుకని ఈ పెట్టెకు పూష్కిన్ పుస్తకం జత చేసుకోవడం తప్పనిసరి. హక్కుల గడువు తీరిన పాత ఇంగ్లీషు అనువాదం ఒకటి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పూష్కిన్ సన్నివేశాలకు అంకెలు వేయలేదు, చోటు పేరే శీర్షిక. 1869 రూపంలోని ఏడు సన్నివేశాలకు వెతుక్కోవలసినవి ఇవి: జనాన్ని కూడగట్టి బొరీస్‌ను గద్దెనెక్కమని వేడుకోబెట్టే కన్యామఠం మైదానం, చూదొవ్ మఠంలో రాత్రి గది, లిథువేనియా సరిహద్దు సత్రం, జార్ మందిరం, కెథెడ్రల్ ముందు మైదానం, చివర జార్ మరణం. పట్టాభిషేకం పూష్కిన్‌లో సన్నివేశంగా లేదు, బొరీస్ ప్రసంగం ఒక్కటే ఉంది. జార్ మందిరం దగ్గర ఒక మెలిక. పూష్కిన్‌లో ఆ శీర్షికతో రెండు సన్నివేశాలు వేరువేరు చోట్ల ఉంటాయి. ‘అత్యున్నత అధికారం అందుకున్నాను’ అంటూ మొదలయ్యే స్వగతం ఒకదాంట్లో. కొడుకు ఫ్యోదర్ గీసిన రష్యా పటం, కూతురు దుఃఖం, ఆస్థానంలోని దొర షూయ్‌స్కీ తెచ్చే వార్త ఇంకోదాంట్లో. మధ్యలో సత్రం సన్నివేశం వస్తుంది. ముసోర్గ్‌స్కీ ఆ రెంటినీ ఒకటి చేశాడు. ఈ సంగతి తెలియకపోతే పుస్తకంలో పంక్తి ఎక్కడ తప్పిపోయిందో అంతుపట్టదు.

చూదొవ్ మఠం గది నుంచి మొదలుపెట్టమని నా సలహా. ముసలి పీమెన్ చరిత్ర రాస్తుంటాడు. తెర లేవగానే వియోలాలు మంద్రంగా, ఆగకుండా, చిన్నచిన్న మెలికలతో కదులుతాయి. కాగితం మీద ఈకకలం నడక అది. పీమెన్ తలెత్తి మాట్లాడినప్పుడు ఆ నడక ఆగి, మళ్లీ కలం పట్టగానే అందుకుంటుంది. పీమెన్‌గా పాడిన నికొలాయ్ ఒఖోత్నికొవ్ గొంతులో తొందర లేదు, ఏడుపు లేదు. ‘ఇంకొక్కటే, చివరి కథ’ అనే మాటలో చేసిన పని ముగుస్తున్న మనిషి తృప్తి వినిపిస్తుంది. ఈ మొత్తం రికార్డింగులో పూష్కిన్ గొంతుకు ఇంత దగ్గరగా వచ్చిన చోటు మరొకటి లేదనిపిస్తుంది. ఊగ్లిచ్‌లో యువరాజు శవం చూసిన వైనం ఈ రూపంలో పీమెన్ పూర్తిగా చెప్తాడు. అదే గదిలో ఉండే కుర్ర సన్యాసి గ్రిగోరీ ‘చనిపోయినవాడికి ఎన్నేళ్లు?’ అని అడిగేది ఆ కథ విన్నాకే. నకిలీ ద్మీత్రీ పుట్టేది ఆ ప్రశ్నలో.

తర్వాత పట్టాభిషేకం గంటలు. ఇక్కడ ఆగి వినండి. రెండే రెండు స్వరసమూహాలు ఒకదాని తర్వాత ఒకటి ఊగుతాయి. వాటి మూలస్వరాల మధ్య దూరం మూడు పూర్తి స్వరాలు. పాశ్చాత్య సంగీతంలో ఒకదానితో ఒకటి ఏమాత్రం పొసగని దూరం అదే. కానీ రెంటిలోనూ రెండు స్వరాలు ఉమ్మడి. ఆ రెండు స్వరాలు కదలకుండా నిలబడితే మిగతావి వాటి చుట్టూ మారతాయి. పెద్ద గంట మోగినప్పుడు లోపలి నాదం ఒకటి నిలిచి, పైనాదాలు కొట్టుకుంటాయి కదా, సరిగ్గా అలాగే. పండుగ సంగీతమే, అయినా ఎక్కడా స్థిమితపడదు. జార్ పాలన కాలి కింద నేల లేదని మాట పుట్టకముందే చెప్పేస్తుంది. గంటల తర్వాత బృందం ఎత్తుకునే ‘స్లావా’ పాట జానపదం. బీథోవెన్ 1806లో రష్యన్ రాయబారి రజుమోవ్‌స్కీ కోసం రాసిన తంత్రీవాద్య చతుష్టయాల్లో రెండోదాని మూడో భాగంలో వాడుకున్నది ఈ పాటనే. రెండూ పక్కపక్కన వింటే సరదాగా ఉంటుంది. అక్కడ అది ఆటవస్తువు, ఇక్కడ జనం చేత బలవంతాన పాడించే పొగడ్త.

ఇక రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన అసలైన చోటు జార్ మందిరం. వెనక్కి పంపినప్పుడు, 1871 ఫిబ్రవరిలో, నాటకశాల కమిటీ చూపిన ముఖ్య అభ్యంతరం చెప్పుకోదగ్గ స్త్రీపాత్ర లేదన్నది. దానికోసమే అయితే పోలండ్ అంకం ఒకటి చేర్చి ఊరుకోవచ్చు. ముసోర్గ్‌స్కీ అంతటితో ఆగలేదు. ఎవరూ అడగకుండానే జార్ మందిరం సన్నివేశాన్ని దాదాపు మొదటినుంచి మళ్లీ రాశాడు. 1869లో బొరీస్ స్వగతం పూష్కిన్ పంక్తులను అంటిపెట్టుకుని, పొడిగా, నిలిచి నిలిచి సాగుతుంది. 1872లో పాఠంలో సొంత మాటలు పెరిగాయి, కింద వాద్యాలు విశాలమైన పాట అందుకున్నాయి. పిల్లల పాటలు, దాది పాట, చిలుక కథ చేరాయి. మోగే గడియారం చేరింది. సన్నివేశం చివర బొరీస్‌కు చచ్చిన పిల్లవాడు కనిపించే చోట ఆ గడియారం యంత్రంలా తిరుగుతుంటే అతని మాటలు ముక్కలైపోతాయి. ఆ భ్రాంతి పూష్కిన్‌లో లేదు. పూష్కిన్ స్వగతం చివర ‘కళ్లల్లో నెత్తుటి పిల్లలు’ అని ఒక్క ముక్క మాత్రం ఉంది. ఆ ముక్కలోంచి ముసోర్గ్‌స్కీ పూర్తి ఘట్టం తీశాడు. ఒక రాత్రి 1869 రూపంలో ఈ సన్నివేశం, వెంటనే 1872 రూపంలో అదే సన్నివేశం వినండి. పుస్తకాన్ని నమ్ముకున్న కుర్రవాడు మూడేళ్లలో తన నాటకరంగాన్ని తానే కట్టుకున్నవాడైన మార్పు చెవికి తెలుస్తుంది. ఒకటి మెరుగు, ఇంకొకటి చిత్తుప్రతి అనుకోకూడదు. పూష్కిన్ దగ్గర నిలబడదలచినవాళ్లకు 1869, నాటకం కావాలనుకునేవాళ్లకు 1872. నా ఓటు మొదటిదానికి, గడియారం ఘట్టం ఒక్కటి మినహా.

ముగింపులు ఇంకా దూరం. 1869లో ఆరో సన్నివేశం సెయింట్ బాసిల్ కెథెడ్రల్ ముందు. పిచ్చి సన్యాసి దగ్గర పిల్లలు ఒక్క కోపెక్ నాణెం లాక్కుంటారు. వాడు జార్‌ను ఆపి, నువ్వు చిన్న యువరాజును చంపించినట్టు వీళ్లనూ చంపించు అంటాడు. బొరీస్ తనకోసం ప్రార్థించమంటే, పసిపిల్లలను చంపించిన హేరోదు రాజు కోసం ప్రార్థించడం కుదరదు, దేవమాత ఒప్పుకోదంటాడు. పూష్కిన్‌లో ఉన్న ఘట్టం ఇది, దాదాపు ఉన్నదున్నట్టు వచ్చింది. దాని తర్వాత బొరీస్ మరణంతో ఒపెరా అయిపోతుంది. 1872లో ఈ సన్నివేశం లేదు. బొరీస్ మరణం తర్వాత క్రోమి అడవిలో తిరగబడ్డ జనం, దొరను కట్టేసి ఎగతాళి, నకిలీ ద్మీత్రీ ఊరేగింపు, అందరూ వెళ్లిపోయాక దూరంగా మంటల వెలుగులో పిచ్చి సన్యాసి ఒక్కడి ఏడుపు. శత్రువు వస్తాడు, చీకటి కమ్ముతుంది, ఆకలిగొన్న జనమా ఏడవండి అని. నాణెం లాక్కునే ఘట్టాన్ని, ఈ ఏడుపును పాత సన్నివేశంలోంచి తీసి ఇక్కడికి మార్చాడు. చాలా రికార్డింగులు, ప్రదర్శనలు ఏదీ వదులుకోలేక రెండు సన్నివేశాలనూ పెట్టేస్తాయి. అప్పుడు అదే నాణెం రెండుసార్లు పోతుంది, లేదా ఒకచోట కోత పడుతుంది. ఈ పెట్టెలో ఆ బాధ లేదు.

పూష్కిన్ ముగింపు ఈ రెంటిలోనూ లేదు. బొరీస్ భార్య, కొడుకు విషం తాగి చనిపోయారని ప్రకటించి, జార్ ద్మీత్రీకి జై కొట్టమంటే ‘జనం మౌనంగా ఉన్నారు’ అన్న సూచనతో అచ్చయిన నాటకం ముగుస్తుంది. చేతిరాత ప్రతిలో జనం జై కొట్టారు. మౌనాన్ని ఒపెరాలో పాడించలేరు కదా. దాని బదులు ముసోర్గ్‌స్కీ పెట్టింది ఆ పిచ్చివాడి గొంతు. రెండు ముగింపులూ చదివి, తర్వాత ఆ ఏడుపు వింటే దాని బరువు వేరు.

పోలండ్ అంకం గురించి అంత గొప్పగా చెప్పలేను. పోలండ్ దొరసాని మరీనాగా ఓల్గా బొరొదినా, నకిలీ ద్మీత్రీగా వ్లదీమిర్ గలూజిన్. ఇద్దరివీ పెద్ద గొంతులు, ఇద్దరూ మంచి ఊపులో ఉన్న కాలం. ఫౌంటెన్ దగ్గర యుగళం వింటే మతి పోతుంది. కానీ పూష్కిన్‌లో ఆ సన్నివేశానికి ప్రాణం నకిలీవాడి ఒప్పుకోలు. నేను యువరాజును కాను, పేద సన్యాసిని, నన్ను నన్నుగా ప్రేమిస్తావా అని అడుగుతాడు. మరీనా ఛీకొడుతుంది. అప్పుడు వాడికి పౌరుషం వస్తుంది. ఒపెరాలో ఆ ఒప్పుకోలు లేదు. దాంతో ఇద్దరు మనుషుల మధ్య పందెం కాస్తా పదవీ వ్యామోహపు ప్రేమపాట అయింది. బదులుగా ముసోర్గ్‌స్కీ తానే చేర్చిన జెసూట్ మతగురువు రంగోనీ బాగా పండాడు.

తారుమారు చేసి మేలుచేసిన చోటూ ఉంది. గుడ్డి గొర్రెలకాపరికి చనిపోయిన యువరాజు సమాధి దగ్గర చూపు వచ్చిన కథను పూష్కిన్‌లో పెద్ద మతగురువు సభలో చెప్తాడు. ముసోర్గ్‌స్కీ దాన్ని పీమెన్ నోట పెట్టాడు. మఠం గదిలో చరిత్ర రాసిన చెయ్యే వచ్చి జార్‌ను పడగొడుతుంది. బొరీస్ కుప్పకూలేది ఆ కథ వింటూనే.

గాయకుల దగ్గరికి వస్తే, ఈ పెట్టెకున్న పెద్ద లోటు ఇక్కడే. రెండు రూపాలకు ఇద్దరు బొరీస్‌లు: 1869కి నికొలాయ్ పుతీలిన్, 1872కి వ్లదీమిర్ వనేయెవ్. పుతీలిన్ ప్రధానంగా బారిటోన్, అంటే మధ్యస్థాయి మగ గొంతు. బొరీస్ పాత్ర చాలాచోట్ల పైస్థాయిలో ఉంటుంది కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. పైగా మొదటి రూపంలోని మాట-పాట పద్ధతికి ఆ తేలిక గొంతు నప్పింది, అక్షరాలు స్పష్టంగా పడ్డాయి. కానీ మరణఘట్టంలో కింది స్వరాలకు కావలసిన చీకటి అందదు. వనేయెవ్ నిజమైన కిందిస్థాయి గొంతు, పద్ధతైన పాట. భ్రాంతి ఘట్టంలో మాత్రం భయం గాయకుడి కంటే వాద్యబృందం నుంచే ఎక్కువ పుడుతుంది. ఈ పాత్రకు పేరుమోసిన షల్యాపిన్ పాత రికార్డులు, బొరీస్ క్రిస్టోఫ్ రికార్డింగులు విన్న చెవికి ఇద్దరూ ఒక మెట్టు కిందే. షూయ్‌స్కీగా కొన్‌స్తంతీన్ ప్లూజ్నికొవ్ అలా కాదు. నూనెలో ముంచినట్టున్న ఆ టెనర్ (పైస్థాయి మగ) గొంతు, యువరాజు ముఖం శవంగా కూడా వాడలేదని చెప్పే వంతులో వెన్ను జలదరింపజేస్తుంది.

అసలు కథానాయకులు బృందగాయకులు. మొదటి సన్నివేశంలో పోలీసు అధికారి కర్ర ఊపితే జనం ఏడుస్తారు, అతను పక్కకెళ్లగానే ‘ఎందుకు అరుస్తున్నాం?’ ‘నాకేం తెలుసు?’ అని గొణుక్కుంటారు. ఈ పాట అంతా ఒక గుంపు మాటలా ముక్కలు ముక్కలుగా, అటునుంచీ ఇటునుంచీ రావాలి. చాలా రికార్డింగుల్లో అది శిక్షణ పొందిన బృందం పాడినట్టు ఉంటుంది. ఇక్కడ రష్యన్ మాతృభాషగా ఉన్న మనుషులు మాట్లాడుకున్నట్టుంది. సత్రంలో దేశదిమ్మరి సన్యాసి వర్లాం అరెస్టు పత్రాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివే చోట కూడా అదే మేలు. పూష్కిన్ ఆ సన్నివేశాన్ని వచనంలో రాశాడు, వచనంగానే వినిపిస్తుంది. సత్రం యజమానురాలి బాతు పాట 1872లోనే చేరింది. డిస్క్ మీద ఏ రూపముందో గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు.

గెర్గియెవ్ నడక వేగం. పట్టాభిషేకం, క్రోమి దగ్గర ఆ వేగం కలిసొచ్చింది. జార్ మందిరంలో ఒకటిరెండు చోట్ల ఊపిరి తీసుకోనిస్తే బాగుండేది. ఆయన గురించి కొనేవాళ్లకు తెలియాల్సిన సంగతి మరొకటి. యుక్రెయిన్ మీద యుద్ధాన్ని ఖండించనందుకు 2022 మార్చిలో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆయన్ను తొలగించింది, పడమటి వేదికలు చాలావరకు దూరం పెట్టాయి. ఆ కారణంతో ఈ రికార్డింగు వద్దనుకునేవాళ్ల నిర్ణయం నాకు అర్థమవుతుంది. వాళ్లకోసం వేరే పేర్లు కింద చెప్తాను.

వినేటప్పుడు వచ్చే చిక్కులు కొన్ని. ఈ సంగీతంలో అతి మెల్లని చోటికీ అతి గట్టి చోటికీ తేడా చాలా ఎక్కువ. పీమెన్ గదిలో సరిపడా పెట్టిన శబ్దం పట్టాభిషేకంలో చెవులు పగలగొడుతుంది. అందుకని ముందుగా పట్టాభిషేకం పెట్టి, అది తట్టుకునే దగ్గర శబ్దం ఖాయం చేసుకుని, ఇక మీట ముట్టుకోకూడదు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో గంటల కింది నాదం, పీమెన్ అడుగు స్వరాలు రావు. ఒపెరాలో ముఖ్యపాత్రల్లో చాలావరకు మగవాళ్ల లోతు గొంతులే కాబట్టి ఆ నష్టం మామూలు పాటల్లో కంటే ఇక్కడ ఎక్కువ. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ మేలు. ఫోన్ యాప్‌లో వినేవాళ్లు మూడు మీటలు చూసుకోవాలి: వరస కలిపేసే షఫుల్ ఆపాలి, ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా చేసే గ్యాప్‌లెస్ పెట్టాలి, అన్ని పాటల శబ్దాన్నీ సమం చేసే నార్మలైజేషన్ తీసేయాలి. గ్యాప్‌లెస్ లేకపోతే వాక్యం మధ్యలో అర క్షణం తెగుతుంది, ఎందుకంటే ట్రాకులు సన్నివేశం మధ్యలోనే మారతాయి. షఫుల్ ఉంటే ఇంకా ప్రమాదం. రెండు రూపాల్లోనూ సన్నివేశాల పేర్లు ఒకటే కాబట్టి 1869 నుంచి 1872లోకి జారిపోయినా తెలియదు. ముందే రెండు ప్లేలిస్టులుగా విడదీసుకోవడం ఉత్తమం.

ఫిలిప్స్ లేబుల్ ఇప్పుడు లేదు, ఆ జాబితా డెక్కా కిందికి వెళ్లింది. వాడిన పెట్టె కొనేవాళ్లు ఐదు డిస్కులూ ఉన్నాయా, పాఠంతో ఉన్న పుస్తకం ఉందా అని అమ్మేవాడిని ఫొటో అడగాలి. పుస్తకం లేని పెట్టెకు సగం విలువే. యాప్‌లో వినేవాళ్లకు ఆ పుస్తకం రాదు. విడిగా పాఠం వెతుక్కునేటప్పుడు అది 1869దా, 1872దా, రీమ్‌స్కీ-కోర్సకొవ్ రూపందా అన్నది చూసుకోవాలి. మరణంతో ముగిసి, క్రోమి అంతకుముందే వస్తే అది రీమ్‌స్కీ-కోర్సకొవ్ వరస.

బదులుగా ఏం కొనవచ్చు? గాయకుడే ముఖ్యమనుకునేవాళ్లకు క్రిస్టోఫ్ 1952లో దొబ్రోవెన్ నిర్వహణలోనూ, 1962లో క్లుయితాన్స్ నిర్వహణలోనూ చేసినవి రెండున్నాయి. రెంటిలోనూ బొరీస్, పీమెన్, వర్లాం ముగ్గుర్నీ ఆయనే పాడాడు. మెచ్చుకోదగ్గ సాహసం, కానీ పీమెన్ కథ విని బొరీస్ కూలే చోట ఒకే గొంతు ఇద్దరికీ ఉండడం నాటకానికి దెబ్బ. అవి రీమ్‌స్కీ-కోర్సకొవ్ రూపాలు. కరయాన్ 1970లో వియన్నాలో గాయకుడు గ్యావురోవ్‌తో చేసింది కూడా అంతే. మిలమిలలాడే వాద్యధ్వని, పూష్కిన్‌కు మాత్రం దూరం. ముసోర్గ్‌స్కీ సొంత వాద్యకూర్పే కావాలి, గెర్గియెవ్ వద్దు అనేవాళ్లకు అబ్బాదో 1993లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసింది తగినది. 1872 రూపానికి సెయింట్ బాసిల్ సన్నివేశం కూడా చేర్చారు, వాద్యాల మెరుగు ఈ పెట్టె కంటే ఎక్కువ, గుంపు మాట సహజత్వం తక్కువ. కళ్లతో చూడాలనుకునేవాళ్లకు సినిమా దర్శకుడు తర్కోవ్‌స్కీ 1983లో లండన్ కొవెంట్ గార్డెన్ ఒపెరాశాలకు చేసిన ప్రదర్శన ఉంది. ఆయన పోయాక 1990లో అది కీరొవ్‌లో వేసినప్పుడు చిత్రీకరించారు, రాబర్ట్ లాయిడ్ బొరీస్. కానీ దానికీ నిర్వాహకుడు గెర్గియెవే.

మొదటిసారి వినేవాళ్లు ఐదు డిస్కులూ ఒక్క సెలవురోజు పూర్తిచేద్దామనుకోవద్దు. మొదటి వారం 1869 రూపం, రోజుకొక సన్నివేశం, ముందు పూష్కిన్ పేజీలు చదివి తర్వాత డిస్క్. రెండో వారం 1872లో జార్ మందిరం, క్రోమి. పోలండ్ అంకం చివరికి వదిలిపెట్టినా ఏమీ కాదు.